పెట్టెలో పట్టనివాటికి మూడు రోజులు

వియన్నా నీళ్ల రుచిని ఇంటికి తెచ్చుకోలేం. చిన్న లోహపు పళ్లెంలో కాఫీ కప్పు, పక్కన గ్లాసుడు చల్లటి నీళ్లు, గ్లాసు మూతి మీద బోర్లించిన బుల్లి చెంచా. ఆ ఊరు తలపుకొచ్చినప్పుడల్లా ముందుగా కళ్లలో నిలిచేది ఆ పళ్లెమే. ఆ నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు. 1873 అక్టోబరు 24న మొదటి నీటి మార్గం తెరిచారు, 1910లో రెండోది. రెండోదాని పొడవు సుమారు 180 కిలోమీటర్లు. పంపుల సాయం లేకుండా వాలు మీదే పారుతూ ఊరు చేరడానికి దాదాపు 36 గంటలు పడుతుంది. ఆఖరి రోజు పొద్దున్నే తాగే గ్లాసు నీళ్లు మొన్న సాయంత్రం కొండ దగ్గర బయల్దేరినవన్న మాట.

సెలవుల్లో చివరి మూడు రోజులు ఇలాంటివాటికే దక్కాలి. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఆఖరి పూటలన్నీ బహుమతుల దుకాణాల్లో గడిచిపోతాయి, మిగిలిన కాసేపట్లో చూడకుండా మిగిలిపోయిన రాజభవనం ఒకటి పరుగున చూసొస్తారు. ఇంటికొచ్చాక ఆ భవనంలో ఏ గది ఎలా ఉందో కూడా గుర్తుండదు. మొదటి రోజుల్లో చూసి, మనసు పడి, టైము లేక వదిలేసి వచ్చిన చోటికి రెండోసారి వెళ్తే మాత్రం అది జీవితాంతం ఉండిపోతుంది. రెండోసారి వెళ్లినప్పుడు దారి వెతుక్కోనక్కర్లేదు, ఫొటో తీయాలన్న ఆత్రం ఉండదు, ఏ బల్ల దగ్గర వెలుతురు బాగుంటుందో ముందే తెలుసు. అందుకే పెట్టెలో పట్టేవాటి పని ఒక్క పూటలో తేల్చేసి, పట్టనివాటికి మిగతా కాలమంతా ఇవ్వడం మేలు.

ముందు ఆ ఒక్క పూట సంగతి. అది ఏ పూట కావాలో తిరుగు విమానం ఏ రోజో చూసి నిర్ణయించుకోవాలి. ఆస్ట్రియాలో ఆదివారం దుకాణాలు తెరవరు. శనివారం సాయంత్రం 6 గంటలకే తలుపులు వేసేస్తారు. సోమవారం పొద్దున విమానమైతే, శనివారం మధ్యాహ్నమే ఆఖరి కొనుగోలు. ఆదివారం కొనుక్కుందాంలే అని ఊరుకున్నవాళ్లకి మిగిలేవి పెద్ద రైల్వే స్టేషన్లలోని సూపర్ మార్కెట్లే. హౌప్ట్‌బాన్‌హోఫ్, వీన్ మిట్టె, ప్రాటర్‌ష్టెర్న్ స్టేషన్లలో అవి ఆదివారం కూడా ఉంటాయి కానీ, వరుసలు గుమ్మం దాకా వస్తాయి. నాష్‌మార్క్ట్ సంతా ఆదివారం ఉండదు. అదే శనివారమైతే ఆ సంత చివర, కెట్టెన్‌బ్రూకెన్‌గాసె మెట్రో స్టేషను పక్కన, తెల్లవారుజాము నుంచి పాత సామాన్ల అంగడి నడుస్తుంది. ఇత్తడి తలుపు గడియలు, పాత ఉత్తరాలు, ఎవరి ఇంట్లోవో కాఫీ కప్పులు అక్కడ నేల మీద పరిచి ఉంటాయి. కొనకపోయినా ఆ వరసల్లో ఒక గంట తిరగాలి. తల ఎత్తితే ఎదురుగా వాస్తుశిల్పి ఒట్టో వాగ్నర్ కట్టిన రెండు ఇళ్లు, ఒకదాని గోడ నిండా పూల పలకలు.

ఇంటికి తేవలసినవాటిలో నిజంగా ఆ ఊరి వాసన ఉన్నది గులాబిరంగు పొట్లంలో వచ్చే మానర్ వేఫర్లు. ఐదు పొరల బిస్కట్టు మధ్య నాలుగు పొరల హేజల్‌నట్ క్రీమ్, పొట్లానికి పది ముక్కలు, 75 గ్రాములు. పదమూడు పొట్లాలు కలిపినా కిలోకి తక్కువే. గుడ్డు ఉండదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకీ నిశ్చింతగా పెట్టొచ్చు. ష్టెఫాన్స్‌డోమ్ చర్చి పక్కన కంపెనీ సొంత దుకాణం ఉంది, అయితే అదే పొట్లం మామూలు సూపర్ మార్కెట్లో తక్కువకి దొరుకుతుంది. పెట్టె అడుగున పెడితే బరువుకి నలిగి పొడైపోతాయి. బట్టల మధ్య పొరలో, నిలువుగా కాకుండా పడుకోబెట్టి సర్దాలి.

చెక్కపెట్టెలో వచ్చే సాఖర్ కేకు 1832 నాటి వంటకం. చాక్లెట్ కేకు, ఆప్రికాట్ జామ్, పైన గట్టి చాక్లెట్ పూత. ఇందులో గుడ్డు ఉంటుంది, కొనేముందు ఎవరికోసమో చూసుకోవాలి. చాలా రోజులు నిలుస్తుంది, ప్రయాణానికి తట్టుకుంటుంది. మన ఎండకి మాత్రం తట్టుకోదు. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలో దిగేవాళ్లు ఆ పూత మీద ఆశ పెట్టుకోకూడదు.

అన్నిటికంటే ఎక్కువగా విమానాశ్రయంలో పోగొట్టుకునేది మంచుగోళం. గాజు గోళంలో చర్చి బొమ్మ, ఊపితే మంచు కురుస్తుంది. ఆ వస్తువు వియన్నాలోనే పుట్టిందని ఆ ఊరివాళ్లు చెబుతారు. 1900 ప్రాంతంలో ఎర్విన్ పెర్జీ అనే పనివాడు తయారుచేసింది, ఇప్పటికీ హెర్నాల్స్ పేటలో ఆ కుటుంబమే చేస్తోంది. పగులుతుందన్న భయంతో దాన్ని చేతిసంచిలో పెట్టుకుంటారు. లోపల ఉన్నది నీళ్లు. 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవమేదీ తనిఖీ దాటి లోపలికి రాదు కాబట్టి, అరచేతికి సరిపడేంత గోళమైనా అక్కడే వదిలేయమంటారు. కొన్నచోటే అట్టపెట్టె అడిగి, రెండు జతల మేజోళ్లలో చుట్టి, పెద్దపెట్టె నడిమధ్యన పెట్టాలి. చలికాలం కోట్లు ఉన్నవాళ్లకి అంతకన్నా మంచి మెత్త దొరకదు. ఆప్రికాట్ జామ్ సీసాకీ ఇదే నియమం, అక్కడ జామ్‌ని కూడా ద్రవం కిందే లెక్కేస్తారు.

గుమ్మడి గింజల నూనె సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దక్షిణాన ష్టైరియా ప్రాంతంలో తీసే నూనె అది. సీసాలో చూస్తే నలుపు, పలుచగా పోస్తే ముదురాకుపచ్చ. వేయించిన వేరుశనగలకీ నువ్వులకీ మధ్యన ఎక్కడో ఉంటుంది దాని వాసన. వెలుతురు తగిలితే చేదెక్కుతుంది, అందుకే ముదురు రంగు సీసాల్లో పోస్తారు. రేకు డబ్బాల్లోనూ దొరుకుతుంది, విమానానికి రేకు డబ్బాయే నయం. సీసాయే కొంటే మూత చుట్టూ టేపు గట్టిగా చుట్టి, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని మరో సంచిలో పెట్టాలి. ఈ నూనెతో పోపు పెట్టకూడదు, వేడికి మాడిపోతుంది. కందిపొడిలో వేసుకుని ఇడ్లీతో తింటే ఎంత బాగా కుదురుతుందో ష్టైరియా వాళ్లకి తెలియదు పాపం.

అసలు ఆ సీసాకి పెట్టెలో చోటెక్కడిదంటే, వెళ్లేటప్పుడు మనం మోసుకెళ్లిన కందిపొడి, పచ్చళ్లు, మరమరాల పొట్లాలు ఖాళీ అయిన జాగాయే. తెలుగువాళ్ల పెట్టెలో రెండు మూడు కిలోలు ఇలా కరిగి ఉంటుంది. చివరి రెండు రోజుల వంటని దానికి తగ్గట్టు చేసుకుంటే, అద్దె గదిలో బియ్యం, పప్పు, నూనె మిగలకుండా చూసుకోవచ్చు. ఒక గ్లాసు బియ్యం, మిగిలిన పొడి, పెరుగు, ఆఖరి రాత్రికి అది చాలు. పచ్చడి అడుగున చెంచాడు మిగిలితే ఆ సీసాని మళ్లీ పెట్టెలో పెట్టొద్దు. సగం ఖాళీ సీసాలోంచే నూనె కారుతుంది, బట్టలన్నిటికీ మెంతి వాసన పట్టేస్తుంది.

గదిలో పోగైన ప్లాస్టిక్ సీసాలు, డబ్బాలు కూడా ఆ రోజే తీసుకెళ్లాలి. 2025 జనవరి 1 నుంచి ఆస్ట్రియాలో పానీయాల ప్లాస్టిక్ సీసాకీ, లోహపు డబ్బాకీ 25 సెంట్ల చొప్పున ధరావతు వసూలు చేస్తున్నారు. సూపర్ మార్కెట్లోని యంత్రంలో వేస్తే చీటీ వస్తుంది, బిల్లులో తగ్గిస్తారు లేదా నగదు ఇస్తారు. నలిపేసిన సీసాని, లేబులు పీకేసినదాన్ని యంత్రం తీసుకోదు. ఇల్లు శుభ్రంగా ఉంచే అలవాటు కొద్దీ మనవాళ్లు సీసాలు చప్పగా నొక్కి సంచిలో వేస్తారు, ఆ డబ్బు పోయినట్టే.

ఒకే బిల్లు 75 యూరోలు దాటితే పన్ను వాపసుకి పత్రం అడగాలి. పాస్‌పోర్టు నంబరు రాసి ఇస్తారు. పన్ను మామూలుగా 20 శాతమైనా మధ్యవర్తి రుసుము పోగా చేతికొచ్చేది అంతకన్నా తక్కువ. వస్తువు వాడకుండా ఉండాలి, విమానాశ్రయంలో కస్టమ్స్ ముద్ర పడాలి. పెట్టె అప్పజెప్పేశాక ఈ సంగతి గుర్తుకు రావడంతోనే చాలామంది డబ్బు పోతుంది. పెట్టెలో వస్తువు ఉంటే, కౌంటరు దగ్గరే చెప్పి చీటీ అంటించుకుని, పెట్టెని కస్టమ్స్ దగ్గరికి మనమే తీసుకెళ్లి, ముద్ర పడ్డాక అక్కడ అప్పగించాలి. చేతిసంచిలో ఉన్న వస్తువులకైతే యూరోపియన్ యూనియన్‌లో ఆఖరి విమానాశ్రయం ఏదైతే అక్కడ. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా హైదరాబాద్ వచ్చేవాళ్లకి అది ఫ్రాంక్‌ఫర్ట్, దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వచ్చేవాళ్లకి వియన్నాయే.

పెట్టె తూచుకుని, తాళం వేసి, మూలకి నెట్టేశాక మొదలవుతాయి అసలు రోజులు.

మొదటి పూట కాఫీహౌస్‌కి ఇవ్వాలి. పూట అంటే పూటే, పావుగంట కాదు. వియన్నా కాఫీహౌస్ సంస్కృతిని 2011లో ఆస్ట్రియా తన అమూర్త వారసత్వ జాబితాలో, అంటే తరాలుగా వస్తున్న ఆచారాల జాబితాలో, చేర్చుకుంది. ఆ వారసత్వంలో ముఖ్యభాగం, ఒక్క కప్పుకి డబ్బిచ్చి ఎంతసేపైనా కూర్చోగలగడం. ఎవరూ లెమ్మనరు. నీళ్ల గ్లాసు ఖాళీ అయితే మళ్లీ నింపి తెస్తారు. చెక్క కర్రకి బిగించిన దినపత్రికలు గోడకి వేలాడుతుంటాయి, భాష రాకపోయినా ఒకటి తెచ్చుకుని ముందు పెట్టుకోవచ్చు. సెంట్రాల్ లాంటి పేరున్న చోట గుమ్మం బయటే వరుస ఉంటుంది, చివరి రోజుల్లో అక్కడ నిలబడటం దండగ. 1880 నాటి ష్పెర్ల్, ఇరుకు సందులోని హావెల్కా, రింగ్‌ష్ట్రాసె మీద ప్రూకెల్ లాంటివి నిదానంగా కూర్చోవడానికి తగినవి. హావెల్కాలో రాత్రి 8 దాటాక పొయ్యిలోంచి దించే బుఖ్టెల్న్ తెస్తారు, లోపల రేగిపండులాంటి ప్లమ్ జామ్ ఉన్న మెత్తటి బన్నులు. ఆ వాసన గది నిండా వచ్చేదాకా ఆగాలి.

అక్కడ ‘కాఫీ’ అని అడిగితే ఏ కాఫీ అని ఎదురు ప్రశ్న వస్తుంది. మన ఫిల్టర్ కాఫీ నాలుకకి దగ్గరగా వచ్చేది మెలాంజ్, సగం కాఫీ సగం పాలు, పైన నురగ. చికరీ ఉండదు, కాబట్టి ఆ గాఢత వెతకొద్దు. చిక్కదనం కావాలంటే చిన్న బ్రౌనర్, పక్కన బుల్లి గిన్నెలో క్రీమ్ విడిగా ఇస్తారు, ఎంత కావాలో మనమే పోసుకోవాలి. ఐన్‌ష్పెనర్ గాజుగ్లాసులో వస్తుంది, కింద నల్లకాఫీ, మీద గిలకొట్టిన మీగడ గుట్టగా. ఒంటి గుర్రపు బండి పేరు అది. బండివాళ్లు చలిలో ఎదురుచూస్తూ తాగేవారట, మీగడ మూతలా ఉండి కాఫీని వేడిగా ఉంచేది. కలపకూడదు. చల్లటి మీగడలోంచి వేడి కాఫీని లాక్కుంటూ తాగడంలోనే ఉంది దాని రుచి.

కూర్చున్న కుర్చీని కూడా ఒకసారి వంగి చూడాలి. వంపు తిరిగిన కర్రతో చేసిన ఆ కుర్చీ నమూనా మిషెల్ థోనెట్ కార్ఖానా 1859లో తెచ్చిన 14వ నంబరుది అయ్యుండొచ్చు. ఆరు కర్రముక్కలు, పది మరలు, రెండు నట్లు, కుర్చీ అంతా అంతే. విప్పి సర్దితే 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. సర్దడమంటే ఏమిటో ఆ ఊరికి అప్పుడే తెలుసు.

లేచేటప్పుడు బిల్లు బల్ల దగ్గరే చెల్లిస్తారు. ఐదు నుంచి పది శాతం కలిపి మొత్తం ఎంతో నోటితో చెప్పాలి, 9 యూరోల 20 సెంట్లయితే ‘పది’ అనేస్తే సరి. డబ్బు బల్ల మీద వదిలేసి వెళ్లడం అక్కడి పద్ధతి కాదు. గుమ్మం దాటుతుంటే ‘ఔఫ్ వీడర్‌షావ్‌ఎన్’ అంటారు, మళ్లీ చూసుకునేదాకా అని. మన ఇళ్లలో ఎవరూ ‘వెళ్తున్నా’ అనరు, ‘వెళ్లొస్తా’ అంటారు. ఆ మాటకి ఈ మాట సరిగ్గా జోడీ.

రెండో పూట ట్రాముకి. పాత కోటగోడలు కూల్చి ఆ జాగాలో వెడల్పాటి వీధి వేయమని చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ 1857లో ఆజ్ఞాపించాడు. 1865 మే 1న ఆ రింగ్‌ష్ట్రాసెని తెరిచారు. పాటల నాటకాలాడే ఒపేరా భవనం, మ్యూజియాలు, పార్లమెంటు, నగరపాలక భవనం, విశ్వవిద్యాలయం అన్నీ దాని మీదే. వలయమంతా ఒకే ట్రాములో తిరగొచ్చని చాలామంది అనుకుంటారు. 2008లో మార్గాలు మార్చాక అది కుదరదు. ఒపేరా దగ్గర 1వ నంబరు ట్రాము ప్రాటర్ వైపు వెళ్లేది ఎక్కి, ష్వేడెన్‌ప్లాట్స్‌లో దిగి, 2వ నంబరు డోర్న్‌బాఖ్ వైపు వెళ్లేది ఎక్కితే మళ్లీ ఒపేరా దగ్గరే దింపుతుంది. మామూలు టికెట్టే చాలు, పర్యాటకుల బస్సు అక్కర్లేదు. కాగితం టికెట్టైతే మొదటిసారి ఎక్కగానే నీలం పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోవడం మరవొద్దు. ముద్ర పడని టికెట్టు కొనని టికెట్టుతో సమానం.

దీనికి తగిన వేళ దీపాలు పెట్టే వేళ. అక్టోబరు నడిమిలో ఆరింటికల్లా పొద్దు వాలుతుంది. కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటే 1వ నంబరులో పాత ఊరి వైపు, ఎడమవైపు కూర్చుంటే మ్యూజియాలూ పార్లమెంటూ కనిపిస్తాయి. ఎడమే మేలు. మలుపు దగ్గర చక్రాలు పట్టాల మీద కీచుమనడం, ఆగే చోటు పేరు చదివే గొంతు, తడిసిన ఆకుల వాసన తలుపు తెరిచినప్పుడల్లా లోపలికి రావడం, ఇవేవీ పెట్టెలో పట్టవు. వీధి మూలల్లో కాల్చిన చెస్ట్‌నట్ల బండ్లు కూడా అక్టోబరులోనే మొదలవుతాయి. పొట్లంలో పోసిచ్చినవి వేడిగా ఉన్నప్పుడే వలవాలి, చల్లారితే లోపలి పొట్టు గింజకి అతుక్కుపోతుంది. రుచి మాత్రం కాల్చిన చిలగడదుంపే.

గురువారం చిక్కితే కున్స్ట్‌హిస్టోరిషెస్ మ్యూజియం రాత్రి 9 దాకా ఉంటుంది. ఆ ఒక్క రాత్రీ చిత్రకారుడు బ్రూగెల్ గదికే వెళ్లాలి. పీటర్ బ్రూగెల్ పలకచిత్రాలు పన్నెండు అక్కడున్నాయి, ప్రపంచంలో ఇంకెక్కడా ఒకేచోట అన్ని లేవు. మొదటిసారి వచ్చినప్పుడు పన్నెండూ చూసి ఉంటారు, ఈసారి ఒక్కటి చాలు. 1565లో గీసిన మంచులో వేటగాళ్ల బొమ్మ ఎదురుగా ఇరవై నిమిషాలు ఉంటే ఒక్కొక్కటే బయటపడతాయి. వేటగాళ్లకి దొరికింది ఒక్క నక్క. కుక్కలు తలలు వేలాడేసుకుని ఉన్నాయి. సత్రం పేరు పలక ఒక కొక్కెం ఊడి పక్కకి వేలాడుతోంది. దిగువన గడ్డకట్టిన చెరువు మీద జనం జారుతూ ఆడుకుంటున్నారు. వేటలో ఓడి ఇల్లు చేరుతున్నవాళ్ల వీపులు మనకి, వాళ్ల ఊరంతా ఎదురుగా. ఇంటికి తిరిగెళ్లే ముందురోజు చూడాల్సిన బొమ్మ అది.

ఒపేరా చూడకుండా వచ్చేస్తే ఆ వెలితి ఎప్పటికీ తీరదు. అలాగని ఖరీదైన సీటు అక్కర్లేదు. 1869లో తెరిచిన ఆ భవనంలో నిలబడి చూసే చోట్లు నాలుగు వందలకి పైగా ఉన్నాయి. ఆ టికెట్లు ప్రదర్శన రోజునే అమ్ముతారు, ధర కాఫీ, కేకు ధరకి కాస్త అటూఇటూ. కింది అంతస్తులో, సీట్ల వరుసల వెనక ఉన్న చోటు అన్నిటికంటే మంచిది, వేదిక సూటిగా కనిపిస్తుంది. లోపలికి వెళ్లగానే కమ్మీకి కండువా కట్టాలి. కండువా కట్టిన చోటు మనదే, తర్వాత కాసేపు బయట తిరిగొచ్చినా ఎవరూ ఆక్రమించరు. శాలువా గానీ చున్నీ గానీ దగ్గరుంచుకుంటే ఈ పనికొస్తుంది. ముందున్న చిన్న తెర మీద ఇంగ్లీషులో మాటలు వస్తాయి. చివరి రాత్రికి స్వరకర్త రిచర్డ్ వాగ్నర్ ఒపేరాలు వద్దు, ఐదు గంటల నిలబాటు తర్వాత పొద్దున్నే పెట్టెలు మోయలేం. మోజార్టో, పుచినీయో అయితే రెండున్నర, మూడు గంటల్లో తేలుతుంది. జూలై, ఆగస్టుల్లో వేదికకి సెలవు.

ఒక పూర్తి పగలు మాత్రం కొండకి ఉంచుకోవాలి. నాలుగో మెట్రో చివరి స్టేషను హైలిగెన్‌ష్టాట్, అక్కణ్నుంచి 38ఎ బస్సు కాలెన్‌బెర్గ్ మీదికి. ఎత్తు 484 మీటర్లు. 1683లో తుర్కుల ముట్టడి నుంచి వియన్నాని విడిపించిన సైన్యం ఈ కొండ మీంచే దిగింది. పైనుంచి చూస్తే అప్పటిదాకా నడిచిన ఊరంతా ఒక్క చూపులో పడుతుంది. చర్చి శిఖరం ఎక్కడ, ప్రాటర్ పార్కులో 1897 నాటి జెయింట్ వీల్ ఎక్కడ, మనం ఉన్న గది ఏ వైపు అని వేలితో చూపించుకోవచ్చు. ఊరికి కొత్తగా వచ్చిన రోజున ఈ కొండెక్కితే కనిపించేది ఇళ్ల కప్పుల సముద్రమే. చివర్లో ఎక్కితే ప్రతి కప్పు కిందా ఏముందో తెలుసు.

దిగడం బస్సులో వద్దు. అడవిలోంచి, ఆ తర్వాత ద్రాక్షతోటల మధ్యగా నుస్‌డోర్ఫ్ దాకా కాలిబాట ఉంది, గంటన్నర నడక. మూడు వందల మీటర్ల దిగుడు కాబట్టి మోకాళ్లు నొప్పి ఉన్నవాళ్లు కర్ర తీసుకోవాలి, వాన పడితే ఆకులు జారతాయి. ఒక రాజధాని నగరం సరిహద్దుల్లోపల ఇన్ని వందల హెక్టార్ల ద్రాక్ష పండటం అరుదు. ఒకే తోటలో రకరకాల తీగలు కలిపి నాటి, కలిపే కోసి, కలిపే పులియబెట్టే ద్రాక్షసారాయం ఇక్కడి ప్రత్యేకత. కనీసం మూడు రకాలుండాలి, ఏ ఒక్కటీ సగం దాటకూడదని నియమం.

నుస్‌డోర్ఫ్‌లో గుమ్మం మీద పచ్చటి కొమ్మ వేలాడుతున్న ఇల్లు కనిపిస్తే అది హొయ్‌రిగర్. రైతు తన తోట ద్రాక్షసారాయాన్ని తన వాకిట్లోనే అమ్ముకోవచ్చని జోసెఫ్ 2 చక్రవర్తి 1784లో ఇచ్చిన అనుమతి నుంచి వచ్చిన ఆచారం. కొమ్మ లేకపోతే ఆ వారం అమ్మకం లేదని అర్థం, ఒక్కో ఇల్లు కొన్ని వారాలే తెరుస్తుంది. గ్లాసు ఎనిమిదో వంతు లీటరు లేదా పావు లీటరు. తాగనివాళ్లకీ పిల్లలకీ ద్రాక్షరసం ఉంటుంది, అది కూడా అదే తోటది. తిండి లోపల అద్దాల బల్ల దగ్గర మనమే చూపించి తూయించుకోవాలి. మాంసం తిననివాళ్లకి లిప్టావర్ అనే కారపు మెత్తటి చీజ్, రొట్టె, ఊరబెట్టిన దోసకాయలు, బంగాళాదుంప సలాడ్ ఉంటాయి. సలాడ్‌లో పోసింది మాంసం మరిగించిన నీళ్లేమో ఒకమాట అడగాలి, అక్కడ ఆ వాడుక ఉంది. నగదు దగ్గరుంచుకోవాలి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్లినవాళ్లకే దక్కేది ష్టుర్మ్. ఇంకా పులుస్తూనే ఉన్న కొత్త ద్రాక్షరసం. మబ్బుగా, తియ్యగా, నాలుక మీద చురుక్కుమంటూ ఉంటుంది. తియ్యదనం చూసి రెండో గ్లాసు తొందరగా తాగితే లేచి నిలబడ్డప్పుడు తెలుస్తుంది దాని బలం. సీసాలోనూ అమ్ముతారు గానీ మూత బిగుతుగా వేయరు. లోపల ఈస్టు బతికే ఉంటుంది, గాలి పుడుతూనే ఉంటుంది, బిగిస్తే సీసా పేలుతుంది. వదులు మూత సీసాని పడుకోబెడితే కారిపోతుంది. అందుకే ష్టుర్మ్ విమానం ఎక్కదు. ఆ కొద్ది వారాల్లో, ఆ వాలు మీద, చెక్క బల్ల దగ్గర తాగాల్సిందే. తాటితోపులో పొద్దున్నే దించిన కల్లు సంగతి తెలిసినవాళ్లకి ఇదంతా విడమర్చి చెప్పనక్కర్లేదు. చీకటి పడ్డాక నుస్‌డోర్ఫ్ నుంచే బయల్దేరే డి ట్రాము మళ్లీ రింగ్‌ష్ట్రాసె మీదుగానే ఊళ్లోకి తీసుకొస్తుంది.

ఇంకో సగం పూట మిగిలితే 71వ నంబరు ట్రాములో ఊరి పెద్ద శ్మశానవాటికకి వెళ్లొచ్చు. ఎవరైనా పోతే ‘71 ఎక్కాడు’ అనడం వియన్నా పలుకుబడి. రెండో గేటు దగ్గర దిగి తిన్నగా నడిస్తే ఎడమవైపు 32ఎ విభాగంలో సంగీతకర్తలు బీథోవెన్, షూబర్ట్, బ్రామ్స్ సమాధులు పక్కపక్కనే. మధ్యలో మోజార్ట్‌కి స్మారకమే, ఆయన్ని పూడ్చింది సంక్ట్ మార్క్స్ వాటికలో, సరిగ్గా ఎక్కడో తెలియదు. పూలు అమ్మేవాళ్లు గేటు బయటే ఉంటారు.

వెళ్లే రోజు. గది పొద్దున 10, 11 గంటలకే ఖాళీ చేయమంటారు, విమానం సాయంత్రానికి. పెట్టెల్ని హౌప్ట్‌బాన్‌హోఫ్ లాకర్లలో పెడితే ఆ పగలు కూడా మనదే. విమానాశ్రయం నగరం హద్దు బయట ష్వేఖాట్‌లో ఉంది, చేతిలో ఉన్న నగర టికెట్టు అక్కడిదాకా చెల్లదు, హద్దు దాటినందుకు అదనపు టికెట్టు యంత్రంలో తీసుకోవాలి. ఇది తెలియక జరిమానా కట్టేవాళ్లు ఉన్నారు. వీన్ మిట్టె నుంచి ఎస్7 లోకల్ రైలుకి 25 నిమిషాలు, హౌప్ట్‌బాన్‌హోఫ్ నుంచి రైల్‌జెట్ రైలుకి పావుగంట. ఆకుపచ్చ రంగు క్యాట్ రైలు 16 నిమిషాల్లో చేరుస్తుంది కానీ చాలా ఖరీదు, ఆదా అయ్యేది పది నిమిషాలు. పట్టాల మరమ్మతులు తరచుగా జరుగుతుంటాయి, ముందురోజు రాత్రి వేళలు ఒకసారి చూసుకోవాలి. పన్ను ముద్ర పని ఉంటే మూడు గంటల ముందే చేరాలి. ఒకే వీసాతో తిరగగల షెంజెన్ దేశాల నుంచి బయటికి వెళ్లే తనిఖీలో 2025 అక్టోబరు 12 నుంచి వేలిముద్రలు, ఫొటో నమోదు విధానం మొదలైంది, వరుసలు నెమ్మదిగా కదులుతాయి. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లేవాళ్లకి ఆ తనిఖీ అక్కడే కాబట్టి, రెండు విమానాల మధ్య గంట తేడా ఉన్న టికెట్టు కొనకూడదు.

గదిలో నింపుకున్న సీసా నీళ్లు భద్రతా తనిఖీకి ముందే తాగేయాలి. నిదానంగా తాగండి.

నోట్లు మన ఊళ్లో మార్చుకోవచ్చు, నాణేలు ఎవరూ తీసుకోరు. ఒక యూరో, రెండు యూరోల నాణేలతో విమానాశ్రయంలో ఆఖరి మెలాంజ్ తాగేసి, చిల్లరలో మూడు మాత్రం ఉంచుకోవాలి. యూరో నాణేలు అన్ని దేశాలవీ కలిసిపోయి తిరుగుతుంటాయి, జర్మనీవే ఎక్కువ వస్తాయి, కాబట్టి ఈ మూడింటి కోసం నాలుగు రోజుల ముందు నుంచే చిల్లర తిప్పి చూసుకోవాలి. ఆస్ట్రియా ముద్రించిన 10 సెంట్ల మీద ష్టెఫాన్స్‌డోమ్ ఉంటుంది, 20 సెంట్ల మీద బెల్వెడేర్ భవనం ద్వారం, 50 సెంట్ల మీద ఆకుల గుమ్మటమున్న సెసెషన్ భవనం. మూడూ కలిపి 80 సెంట్లు, బరువు 18 గ్రాముల లోపే.